గేటు లోపలి పళ్ళెం

తాళాన్ని మూడుసార్లు లాగి చూశాడు అంతయ్య. రాత్రి డ్యూటీ వాచ్‌మన్ వెళ్ళిపోగానే గొలుసు బిగించి, లోపలినుంచి తాళం వేసి, తాళంచెవిని మొలతాడుకు ముడేసుకోవడం ముప్పై ఏడు రోజులుగా ఆయన మొదటి పని. లాగిన ప్రతిసారీ రొమ్ములో ఎడమవైపు సూదితో పొడిచినట్టయింది. గ్యాస్ పట్టిందనుకున్నాడు. తెలంగాణ కోసం సాగుతున్న సకల జనుల సమ్మెలో బస్సులు నిలిచిపోయాయి కదా, మీర్‌పేట్ నుంచి సాగర్ రోడ్డు దాకా నడిచొచ్చిన ఆయాసమేమో అని కూడా అనుకున్నాడు.

గోడకు వీపు ఆనించి, కర్ర ఊతంతో ఇనుప స్టూలు మీదికి దిగాడు. కూర్చోవడమే ఆయనకు ఒక పని. నల్లగొండ పల్లెలో నలభై ఏళ్ళు తాగిన ఫ్లోరైడు నీళ్ళు ఎముకల్లో చేరి నడుమును కట్టెలా బిగించేశాయి. మెడ పక్కకు తిరగదు. మోకాళ్ళు సగమే వంగుతాయి. కొత్తగా వచ్చిన మేనేజర్లు ఆయన నిటారుగా కూర్చునే తీరు చూసి, వాచ్‌మన్ అంటే ఇలా ఉండాలని మెచ్చుకునేవారు. అది రోగమని అంతయ్య ఎవరికీ చెప్పలేదు. పద్దెనిమిదేళ్ళ నౌకరీ ఆ వంగని నడుము మీదే నిలబడింది.

అది ఫ్యాన్ మోటార్లకు వైరు చుట్టే కంపెనీ. మిషన్ల మీద పనిచేసే అరవై మందికి ఉచితంగా వైద్యం దొరికే ఈఎస్ఐ కార్డులున్నాయి. ఊడ్చేవాళ్ళు, హమాలీలు, వాచ్‌మన్లు కాంట్రాక్టరు మనుషులు, వాళ్ళకు లేవు. ఎండాకాలంలో ఊడ్చే అండాలమ్మ జ్వరంతో వారం రోజులు పనికొచ్చి, ఎనిమిదోనాడు రాలేదు. ఆమె దినాలు కాగానే అరవై మందీ ఒక కాగితం రాసి ఇచ్చారు, అందరికీ కార్డులు కావాలని. కార్డు లేనివాళ్ళ పేర్లు అక్షరాల వరుసన రాస్తే మొదటిది అంతయ్య పేరే అయింది. అండాలమ్మ ఉంటే ఆమెది అయ్యేది.

కంపెనీ బదులుగా గేటుకు తాళం వేసింది. ఆ తాళంచెవి అంతయ్య మొలకు చేరింది. పనివాళ్ళ కోసం ఒక్కసారి తెరిచినా నౌకరీ ఉండదని కాంట్రాక్టరు చెప్పాడు.

గేటు బయట ఆ అరవై మంది ధర్నా టెంటు, లోపల అంతయ్య స్టూలు. మొదటి వారంలోనే ఆయన యూనియన్ నడిపే చక్రపాణిని కడ్డీల దగ్గరికి పిలిచాడు.

“జర నా పేరు కొట్టెయ్ బిడ్డా. నా అసుంటోనికోసం గింతమంది కడుపులు మాడుడేంది?”

“నీ పేరు కొట్టేస్తే మేం ఎవలకోసం కూసున్నట్టు కాకా?” అన్నాడు చక్రపాణి. అంతయ్య ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇవాళ వంటావార్పు. ఉద్యమంలో జనం రోడ్ల మీద వండుకు తింటున్నట్టే, ఈ గేటు ముందు కూడా పొయ్యి పెడదామని మీర్‌పేట్ బస్తీ ఆడవాళ్ళు అనుకున్నారు. ఇంటికో దోసెడు బియ్యం, నాలుగు పళ్ళేలు. ఆ గుంపుకు ముందు నడిచి వచ్చింది అంతయ్య భార్య ముత్తమ్మ. మూడిళ్ళలో అంట్లు తోముతుంది. ఎదురుగా టిఫిన్ సెంటర్ నడిపే శేషారత్నం తెనాలి నుంచి వచ్చి పాతికేళ్ళయింది. టెంటులో నినాదాలు మొదలైన రోజు షట్టరు సగం దించుకున్న మనిషి, ఇవాళ కుంచెడు కందిపప్పు, తన పేరు పొడి అక్షరాలు చెక్కించిన స్టీలు పళ్ళేలు పంపి, వెనకే తనూ వచ్చింది.

“గీ ఆంధ్ర పప్పుల కారమే లేదు,” అంది ముత్తమ్మ గరిటె నాకి.

“మీ మాటల్లో సరిపడా ఉందిగా, ఇంకెందుకూ?” అంది శేషారత్నం. పొయ్యి చుట్టూ నవ్వులు లేచాయి.

నవ్వు విని అంతయ్య కూడా నవ్వబోయి, రొమ్ము పట్టుకున్నాడు. చెమటలు పట్టాయి. శేషారత్నం చూసి, గ్లాసుడు ఓమ నీళ్ళు కడ్డీల్లోంచి అందించింది. ముత్తమ్మ దగ్గరికొచ్చి మొహంలోకి చూసింది.

“బయటికి రా. దవాఖానకు పోదాం.”

“డ్యూటీ దిగినంక పోదాం తియ్. గేటు ఇడిసిపెట్టి పోతే కాంట్రాక్టరు ఊకుంటడా? గింతమంది నాకు కార్డు ఇప్పియ్యాలని కూసున్నరు. కార్డొచ్చేదాకనన్నా నౌకరీ ఉండాలె కదనే.”

ముత్తమ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళొచ్చింది. అన్నం, పప్పు పెట్టిన పళ్ళేన్ని గేటు కింది సందులోంచి లోపలికి తోసింది. పంక్తి లేచాక తింటానన్నాడు. అందరూ తింటుంటే చూడటం బాగుందన్నాడు.

రెండు పంక్తులు కూర్చుని లేచాయి. మారు వడ్డన పిలుపులు, పరాచికాలు. గేటు వైపు చూసినవాళ్ళందరికీ అంతయ్య రోజూలాగే కనిపించాడు. కర్ర పట్టుకుని, వీపు గోడకు ఆనించి, రోడ్డు వైపు చూస్తూ.

“ఏమయ్యా, బువ్వ సల్లారిపాయె,” అంది ముత్తమ్మ.

దగ్గరికొచ్చి, ఆయన రెప్పలు కదలడం లేదని చూసింది. కడ్డీల్లోంచి చెయ్యి భుజందాకా లోపలికి చాపింది. స్టూలు ఇంకా మూరెడు దూరంలో ఉంది.

చక్రపాణి గేటెక్కి లోపలికి దూకాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. మొలతాడు ముడి విప్పడానికి అతని వేళ్ళకు చాలాసేపు పట్టింది. వాచ్‌మన్లు మారేటప్పుడు తప్ప కదలని గేటు ముప్పై ఏడు రోజుల తర్వాత బార్లా తెరుచుకుంది. మిషన్ల షెడ్డు ఇరవై అడుగుల్లో ఉంది. అరవై మందిలో ఒక్కరూ అటు చూడలేదు. నలుగురు ఆయన్ని ఎత్తి తోపుడు బండి మీద పెట్టారు. అప్పుడు కూడా ఆ నడుము వంగలేదు.

బండి కదలబోతుంటే ముత్తమ్మ వెనక్కి తిరిగింది.

“తాళమెయ్యి బిడ్డా. ఆయన మీద మాట రానియ్యకు.”

చక్రపాణి తాళం వేశాడు. మూడుసార్లు లాగి చూశాడు.

దవాఖానలో డాక్టరు ప్రాణం పోయి గంట దాటిందన్నాడు. అంటే, మొదటి పంక్తి నడుస్తుండగానే.

సాయంత్రం బస్తీ ఆడవాళ్ళు పళ్ళేలు కడిగి, అంచుల మీది పేర్లు చూసి ఎవరివి వాళ్ళకు వేరుచేశారు. శేషారత్నం పళ్ళేల్లో ఒకటి తక్కువైంది. వెతకబోయిన వాళ్ళను ఆమె వద్దని ఆపింది. తాళం అవతల, ఖాళీ స్టూలు ముందర, పళ్ళెంలో అన్నం మెతుకులు ఎండి ముడుచుకుపోతున్నాయి.