చేయి అందని వీపు

కఫుయికి వీపు మీద మొటిమలు మొదలై ఆరు నెలలైంది. కేటా ఊరి సముద్రపొడ్డున నెత్తళ్ళ చేపలకు పొగబెట్టి ఆరబెట్టే పొయ్యిల దగ్గర పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడే మనిషి. ముందు సెగ, వెనక చెమట. మొదట భుజాల మీద నాలుగు లేస్తే పట్టించుకోలేదు. వానలు వెనకబట్టేసరికి అవి నడుము దాకా పాకాయి. వెల్లకిలా పడుకోలేకపోయేది. బోర్లా పడుకుంటే తెల్లారేసరికి మెడ పట్టేసేది.

మొగుడు వేట పడవల మీద అబిజాన్ వైపు వెళ్ళి ఏడాది కావస్తోంది. ఇంట్లో ఉంటే వీపుకి ఏదో ఒక మందు రాసేవాడు. ఇప్పుడు తన వీపు తనకే అందదు. అందిన మేరకు, బజారులో ఎవరేం చెబితే అది చేసింది. నల్లసబ్బు పెట్టి, ఒళ్ళు తోముకునే వలపీచుతో చర్మం ఎర్రబడేదాకా తోమింది. నిమ్మరసంలో ఉప్పు కలిపి పూసింది. మంటకు కళ్ళ నీళ్ళొస్తే, మందు పనిచేస్తోందనుకుంది. ఆ పైన చల్లగా ఉంటుందని కొబ్బరినూనె పట్టించింది. మొటిమలు తగ్గలేదు సరికదా, చీము పట్టాయి.

పొయ్యిల పక్కనే ఆమె ఉండే లోగిలిలో నాలుగు గదులకూ కలిపి స్నానాల గది ఒక్కటే. ఒక సాయంత్రం కఫుయి స్నానం చేసి బయటికొస్తుంటే, ఎదుటి గది ముసలావిడ యావా ఆమె భుజం మీది తువ్వాలు చూసింది. ఇద్దరికీ మాటల్లేక ఏడు నెలలు. తమ్ముడి అంత్యక్రియలకని యావా ఉతికి ఆరేసుకున్న తెల్లబట్టలకు కఫుయి పొయ్యి మసి పట్టిన రోజు నుంచీ అంతే.

"ఏంటే ఆ రక్తం? కోడిని గానీ కోశావా?"

"మొటిమలు, పెద్దమ్మా."

"మొటిమలకి అంత రక్తం రాదు. గీకితే వస్తుంది. ఇటు తిరుగు."

వాదించే ఓపిక కఫుయికి లేదు. తిరిగింది. యావా తువ్వాలు పక్కకు లాగి చూసింది.

"నిమ్మకాయ రాశావా?"

"రాశాను. ఉప్పు కూడా."

"వీపేమన్నా నెత్తళ్ళనుకున్నావా, ఉప్పేసి ఆరబెట్టుకోడానికి? కూర్చో."

యావా ఇరవై ఏళ్ళు ఊరి ఆరోగ్య కేంద్రంలో నేలలు తుడిచింది. నర్సులు రోగులకు చెప్పేది వినీ వినీ ఆమెకు కంఠతా వచ్చింది. ఆ సాయంత్రమే వలపీచు తీసి చూరులో దోపేసింది. కొబ్బరినూనె సీసా తన గదిలోకి పట్టుకుపోయింది. "అది చర్మం రంధ్రాలు మూసేస్తుందే. నాకు కూరలోకి పనికొస్తుంది," అంది.

మర్నాటి నుంచి ఒకటే పద్ధతి. పని ముగియగానే, చెమట ఆరకముందే స్నానం. మెత్తటి సబ్బుతో, ఉత్త చేత్తో కడగడం. మందుల కొట్లో తెచ్చిన మొటిమల పూతమందు యావా పలచగా రాయడం. అది అంటితే గుడ్డ రంగు పోతుందని రాత్రికి పాత నూలుగుడ్డ కట్టుకోవడం. పక్కగుడ్డలు వారానికి రెండుసార్లు ఉతకడం. గిల్లకూడదు, నొక్కకూడదు.

"ఎన్నాళ్ళు, పెద్దమ్మా?" పదో రోజున అడిగింది కఫుయి.

"రెండు నెలలు. ఇంకా ఎక్కువే అనుకో. తొందరైతే ఇంకెవరి చేతైనా రాయించుకో."

ఇంకెవరూ లేరని ఇద్దరికీ తెలుసు.

మసి గొడవ మాత్రం తెగలేదు. వీపుకు మందు రాస్తూనే యావా పొయ్యిని తిట్టేది. "గాలి ఎటు వీస్తోందో చూసుకోవా? నీకు కళ్ళు లేవా?" అనేది. కఫుయి తల వంచుకుని వినేది. బదులు చెప్పాలని ఉండేది కాదు. రోజంతా ఆమె ఒంటి మీద సెగా చెమటా తప్ప ఏమీ ఆనవు. మనిషి చేయి ఆనేది ఆ కాసేపే.

రెండో నెల చివరికి చీము పోయింది. కొత్తవి ఒకటీ అరా లేస్తున్నాయి. నల్లమచ్చలు మాత్రం చిక్కుడు గింజల్లా మిగిలాయి. అవి పోవడానికి ఏడాది పడుతుందనీ, కొన్ని అసలు పోకపోవచ్చనీ యావా ముందే చెప్పింది. కఫుయి వెల్లకిలా పడుకోగలుగుతోంది. అదే చాలనుకుంది.

ఒక సాయంత్రం పొయ్యి మీంచి నాలుగు బుట్టల చేపలు దించి వచ్చి, ఎప్పటిలా పీట మీద కూర్చుంది. యావా వేళ్ళు భుజం నుంచి కిందికి దిగుతూ దిగుతూ నడిమధ్యలో ఆగిపోయాయి. కఫుయి మెల్లగా తల తిప్పి చూసింది. ముసలావిడ గోడకు చేరగిలబడి నిద్రపోతోంది. చేయి మాత్రం వీపు మీదే ఉంది.

కఫుయి కదల్లేదు. వీపు మీద మందు ఆరిపోయింది. లోగిలిలో ఎవరో రాత్రి తిండికి పిండిముద్ద కలియబెడుతున్న చప్పుడు వినిపిస్తోంది. తను లేచి వండుకోవాలి. ఇంకాసేపయ్యాక లేద్దామనుకుంది.