అప్పన్న కట్టిన కాలు

నడుస్తుంటే పార్వతి ఎడమ భుజం కుంగేది. పన్నెండేళ్లుగా తండ్రి అప్పన్న దానికి ఒకటే మాట అనేవాడు: "ఒగలు పోకు! తిన్నగా నడవ్వే."

అప్పన్న కాట్రేనికోన చుట్టుపక్కల పేరున్న కట్టువైద్యుడు. విరిగిన ఎముకకి వెదురుబద్దలు పెట్టి, కోడిగుడ్డు సొన, మినప్పిండి పట్టించి గుడ్డ చుట్టేవాడు. పార్వతి పదేళ్లప్పుడు చెరువుగట్టు మీంచి పడి ఎడమ తొడ విరిగితే తనే కట్టాడు. ఎముక అతుక్కుంది గానీ కాలు పొట్టిదయింది. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ అనకూడదు. తల్లి కూడా తను పోయేదాకా అనలేదు.

1998లో పార్వతి అంగన్‌వాడీలో ఆయాగా చేరింది. రోజంతా నిలబడి చేసే పని. రెండు నెలలకే నడుం పట్టేసి మంచం దిగలేకపోయింది. కాస్త తేరుకున్నాక తండ్రికి చెప్పకుండా అమలాపురం బస్సెక్కింది.

డాక్టరు ఆమెను నిలబెట్టి, ఎడమ పాదం కింద పల్చటి చెక్కలు ఒక్కొక్కటే పెడుతూ పోయాడు. తుంటి రెండువైపులా సమానమయ్యాక ఆపాడు.

"అంగుళం తేడా ఉందమ్మా. నడుం నొప్పి అందుకే. ఎడమ చెప్పు కింద పొర వేయించుకో. ఒక్కసారే అంతా వద్దు, ముందు సగం. అలవాటయ్యాక మిగతాది."

ఆ చెక్కల మీద తిన్నగా నిలబడి ఉన్న పార్వతికి ఏడుపు రాలేదు. ఒళ్లు మండిపోయింది.

బజార్లో చెప్పులు కుట్టే కృపానందం ఎడమ చెప్పుకి రబ్బరు పొర అంటించి ఇచ్చాడు. ఆమె ఇల్లు చేరేసరికి అప్పన్న అరుగు మీద ముమ్మిడివరం బాబూరావు ముంజేతికి కట్టు కడుతున్నాడు.

"అదేం చెప్పే?"

"నా కాలు పొట్టి. డాక్టరుగారు కొలిచేరు."

"నేను కట్టిన కాలది!"

"అందుకే పొట్టయ్యింది. నొప్పని ఏడిస్తే నోట్లో గుడ్డ కుక్కేవు. ఆసుపత్రికి తీసుకెళ్లమని అమ్మ కాళ్లట్టుకుంటే తన్నేవు."

"తీసుకెళ్తే కాలు కోసేసేవోరే, దరిద్రపు మొహమా!"

బాబూరావు మెల్లిగా లేచాడు. "నేను మళ్లీ వత్తానండి అప్పన్నగారూ." సగం చుట్టిన గుడ్డ వేలాడుతుండగానే బస్సు రోడ్డు వైపు నడిచాడు.

అప్పన్న కూతురి కాలు గుంజి, చెప్పు లాగి ఎదురుగా ఉన్న పంటకాలవలోకి విసిరేశాడు. "నా కూడు చెడగొట్టేవు. మళ్లీ అలాంటిది తొడిగితే నా గుమ్మం ఎక్కకు."

"ఎక్కను."

బట్టలు మూట కట్టుకుని, ఉత్తకాళ్లతో వెళ్లిపోయింది. అంగన్‌వాడీ వెనక గది అద్దెకి తీసుకుంది. కృపానందం చేత ఇంకో జత చేయించుకుంది. మొదటి వారం పిక్కలు పీకేశాయి. నెల తిరిగాక రెండో పొర వేయించుకుంది. ఆ తర్వాత సాయంత్రం దాకా నిలబడినా నడుం మాట గుర్తొచ్చేది కాదు.

ఓ పొద్దున సంతకి వెళ్తుంటే అప్పన్న ఎదురొచ్చాడు. సైకిలు దిగి, ఆమె పాదాలకేసి చూసి, పక్కకి ఉమ్మేశాడు.

పార్వతి ఆగలేదు.