తయారు చేసినవారు

కంప్యూటరుకు గుడ్డ తొడుగు కుట్టుకు రమ్మని మేనేజరు భీమసేనరావు చెప్పినప్పుడు రాధాబాయి కొలతలు తీసుకోలేదు. రోజూ దుమ్ము తుడిచే చేతికి దాని పొడవూ వెడల్పూ తెలుసు. ఆదోనిలోని ఆ విత్తనాల కంపెనీలో ఆమె తొమ్మిదేళ్ళుగా టైపిస్టు. ఆ ఏడు, 1988లో, కంప్యూటరు దిగినప్పటినుంచి తుడవడం ఆమె పని, ముట్టుకోవడం గుమాస్తా చక్రపాణి పని. కంప్యూటరు నడిపే యూనిక్స్ అనే కొత్త పద్ధతి నేర్చుకోవడానికి పది రోజులు హైదరాబాదుకు పంపిందీ అతన్నే. "ఆడమనిషివి, ఆడ యాడుంటావమ్మా," అన్నాడు భీమసేనరావు, ఆమె అడగకముందే. "ఇది నడిస్తే ఇంక నీకు టైపు కష్టం కూడా ఉండదు. దీపావళి నుంచి ఇంటిపట్టున సుఖంగా ఉండచ్చు."

సుఖమట. ఎమ్మిగనూరులో తెల్లవారకముందే లేచి, తడిబట్టతో మడి వంట చేసి, బడిపంతులైన భర్త గురురాజకు డబ్బా కట్టి, ఆదోని బస్సులో నిలబడి వచ్చే మనిషికి ఇంటిపట్టున ఏ సుఖం దాచిపెట్టి ఉందో ఆమెకు తెలియదు. సాయంత్రం గడప తొక్కగానే, బస్సులో ఎవరెవరు తగిలినారో, స్నానం చేసిగాని పొయ్యి ముట్టుకోవద్దని అత్తగారు సరస్వతీబాయి లోపలినుంచే చెప్పేది. బడి మూడున్నరకే వదిలినా, అరుగు మీద పేపరు చదువుతూ గురురాజ, "కుర్చీలో కూర్చునేదే గదా, అంత అలుపేమి?" అనేవాడు. తొమ్మిదేళ్ళుగా ఆమె దగ్గర దానికి జవాబు ఉంది. చెప్పేలోపల అన్నం పొంగు వచ్చేది.

తీరా చూస్తే కంప్యూటరు నడిచింది గాని ప్రింటరు నడవలేదు. ఏమి కొట్టినా కాగితం నిండా పిచ్చి గుర్తులు. చక్రపాణి వైరు పీకి పెట్టినాడు, పెట్టి పీకినాడు. హైదరాబాదు ఇంజనీరు నెల దాకా రానన్నాడు. టైపు మిషనునేమో అప్పటికే కర్నూలు బ్రాంచికి పంపించేశారు. జొన్న, శనగ విత్తనాల మొలక రిపోర్టులు లేనిదే మూటలు కదలవు. వాటినన్నింటినీ రాధాబాయి చేతితో రాయవలసి వచ్చింది. చూపుడువేలు బొబ్బలెక్కింది. "నీ దస్తూరి బాగుంటుంది గదా," అని భీమసేనరావు మెచ్చుకున్నాడు.

శ్రావణంలో ఒక గురువారం మగవాళ్ళంతా ఉరుకుంద ఈరన్న దర్శనానికి పోయినారు. రాధాబాయి బొబ్బ చితికిన వేలికి గుడ్డ చుట్టుకుంది. పెన్ను పట్టలేకపోయింది. ప్రింటరుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం తీసింది. చక్రపాణి రహస్యపదం బల్ల అద్దం కిందే రాసి ఉంది. దానితో, చక్రపాణి చేస్తుంటే చూసినట్టే కంప్యూటరు తెరిచి, 'ఎ' అక్షరం ఒక్కటే పదిసార్లు ప్రింటరుకు పంపించింది. పదిసార్లూ ఒకటే పిచ్చి గుర్తు పడింది. చెడిపోయిన మిషను ఇంత నిలకడగా తప్పు చేయదనిపించింది. భీమసేనరావు గబగబా చెప్పుకుపోతే తన షార్ట్‌హ్యాండు తప్పినట్టు, కంప్యూటరు చెప్పే వేగం ఒకటి, ప్రింటరు వినే వేగం ఒకటి అయ్యుండాలి. పుస్తకం అదే చెప్పింది. ప్రింటరు వెనక బియ్యపు గింజలంతేసి స్విచ్చులున్నాయి. స్టెన్సిలు గీసే ఇనుప పెన్ను మొనతో రెండింటిని జరిపింది.

అక్షరాలు వచ్చాయి. కానీ ప్రతి వరసా పై వరస ముగిసిన చోట మొదలై, మెట్లు దిగినట్టు కాగితం అంచు దాటిపోయింది. రాధాబాయికి నవ్వొచ్చింది. టైపు మిషను మీద చెయ్యి వేసిన ఎవరికైనా తెలుసు: కాగితం పైకి జరపడం ఒక పని, కాగితం పట్టుకున్న బండిని వరస మొదటికి తోయడం ఇంకో పని. ఇది మొదటిది చేసి రెండోది మరిచిపోతోంది. దానికీ ఒక స్విచ్చు ఉంది. వెతకడానికి రెండు గంటలు పట్టింది. నాలుగు కొట్టేసరికి జొన్నల రిపోర్టు తీర్చి దిద్దినట్టు బయటికి వచ్చింది. దాన్ని ఆమె మూడుసార్లు చదువుకుంది.

ప్రింటరు తాను బాగు చేసినట్టు మర్నాడే చక్రపాణికి చెప్పింది. మరుసటి వారం కంపెనీ డైరెక్టరు వచ్చినాడు. "మా చక్రపాణి సాధించినాడు సార్," అన్నాడు భీమసేనరావు. ఆమెవైపు తిరిగి కాఫీలు తెమ్మన్నాడు. ఆమె తెచ్చింది. కప్పు అందుకుంటూ చక్రపాణి తల ఎత్తలేదు.

"నేనేమీ చెప్పలేదక్కా, సారే అట్లనుకున్నాడు," అన్నాడు తరువాత.

"కాదని కూడా చెప్పలేదు గదప్పా."

కర్నూలు బ్రాంచికీ అలాంటి కంప్యూటరే వచ్చింది, అక్కడా అదే తంటా. చేసిన పద్ధతంతా వరసగా కొట్టి, కింద 'తయారు చేసినవారు: చక్రపాణి' అని పెట్టమన్నాడు భీమసేనరావు. రాధాబాయి రెండు పేజీలు కొట్టింది. కింద తన పేరు పెట్టింది.

"పేరు తప్పు పడింది గదమ్మా," అన్నాడాయన.

"తప్పు పడలేదు సార్."

మార్చి కొట్టమన్నాడు. ఆమె కొట్టనంది. చక్రపాణిగారినే కొట్టమనమంది, ఆయనకు వచ్చు గదా అంది. చక్రపాణి లెడ్జరులోకి వంగినాడు. కర్నూలువాళ్ళు తొందర పెట్టడంతో కాగితం అలాగే పోయింది.

నాలుగు రోజులకు కర్నూలునుంచి ఫోను వచ్చింది, చక్రపాణికి కాదు, రాధాబాయికి. రెండు రోజులు వచ్చి పోవాలట. కంప్యూటరు పనికి ఆమెనే పెట్టుకోవచ్చు గదా అని డైరెక్టరు కూడా అడిగినాడట. ఇంట్లో చెబితే గురురాజ పేపరు దించి, రెండు రోజులు వంట సంగతేమని అడిగినాడు. ఏ పని, ఎందుకు పిలిచినారు అని అడగలేదు. బియ్యం యాడుందో, కందిబేళ్ళు యాడున్నాయో చెప్పి, సంచిలో రెండు చీరలు పెట్టుకుంది.

పొద్దున ఆఫీసులో కర్నూలు ప్రయాణానికి డ్యూటీ కాగితం ముందు పెడితే భీమసేనరావు సంతకం చేయక పెన్ను పక్కన పెట్టినాడు.

"రాత్రి ఉండాల్సిన పని. పంపేదానికి ఒప్పుకున్నట్టు మీ ఆయనతో ఒక లెటరు రాయించుకొని రామ్మా."

రాధాబాయి గొంతు పెంచలేదు.

"చక్రపాణి పది రోజులు హైదరాబాదుకు పోయినప్పుడు, వాళ్ళావిడతో రాయించుకొని వచ్చినాడా సార్?"