మబ్బు కొట్టే పంపు

"మబ్బు కొట్టినవా?"

మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే అడిగే మాట ఇది. తిన్నవా అని కాదు, ఒంట్లో బాగుందా అని కాదు. దోమల మందు కొట్టే పంపులో నీళ్లు పోసి, బావి పక్క నీడలో వేలాడే మొక్క మీద సన్నగా చిమ్మడాన్ని మా ఇంట్లో మబ్బు కొట్టడం అంటారు. రోజుకు ఆరుసార్లు. ఎండాకాలమైతే తొమ్మిది. కొట్టేది నేను, అడిగేది ఆయన.

ఆయన పేరు పురుషోత్తం, మానుకోట అడవుల ఆఫీసులో గుమాస్తా. రెండేళ్ల కింద, డెబ్బై ఆరులో, ట్రైనింగుకని నీలగిరి కొండలకు పోయి, బెరడు ముక్కకు అతుక్కున్న ఈ ఆర్కిడ్ మొక్కను తెచ్చాడు. ఎప్పుడూ మబ్బులు దిగి ఉండే అడవిలో, చెట్ల కొమ్మల మీద బతుకుతుందట. అలాంటిదాన్ని రాళ్లు పగిలే ఎండల్లో తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇంట్ల ఖాళీగనే ఉంటవు గద, జర చూస్కో" అన్నాడు. ఖాళీ! తెల్లారకముందు లేచి వాకిలి ఊడ్చి, ఇరవై బిందెలు తోడి, ముగ్గురికి మూడు రకాల వేళల్లో వండి పెట్టేదాన్ని. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా బావి నీళ్లు ఉప్పన. అవి కొడితే ఆకుల కొసలు మాడిపోయాయి. అందుకని వాన నీళ్లు కుండల్లో పట్టి, గుడ్డ వాసెన కట్టి, ఎండాకాలం దాకా దాచాను. మధ్యాహ్నం చుట్టూ తడి గోనెసంచులు కట్టేదాన్ని. గాలి ఆడకపోతే ఆకుల మొదట్లో ఉబ్బి ఉండే దాని గడ్డలు కుళ్లుతాయి కనుక పొద్దు వాలగానే విప్పేదాన్ని. ఇవేవీ ఎవరూ చెప్పలేదు. అది చావబోయిన ప్రతిసారీ ఒకటి నేర్చుకున్నాను.

ఒకసారి మా చెల్లెలు సరోజన పెళ్లికని నెల్లికుదురు పోయాను. మూడు రోజులకు వచ్చేసరికి, మా అత్తమ్మ కనకలక్ష్మి దాన్ని బెరడు నుంచి పీకి, పెంట ఎరువు కలిపిన మట్టికుండలో నాటేసి ఉంది. "మట్టి లేని చెట్టేందే? పాపం, దానికి ఆకలి గాదా?" అంది. ప్రేమతోనే చేసింది. గడ్డలు మెత్తబడి వాసన వస్తున్నాయి. మా ఆయన తల్లిని ఒక్క మాట అనలేదు. "నిన్నెవలు పొమ్మన్నరు?" అని నా మీద లేచాడు. తోడబుట్టినదాని పెళ్లికి పోవడం కూడా నా తప్పే!

కొత్తగూడ అడవి నుంచి విస్తళ్లు కుట్టే అడ్డాకులు తెచ్చి అమ్మే లచ్చి అది చూసి నవ్వింది. "మా అడవిల గూడ ఉంటయక్కా గిసొంటియి, కొమ్మల మీద. వేర్లకు గాలి గావాలె దీనికి. మట్టిల పెడితె ఊపిరాడక సస్తది." కుళ్లిన గడ్డలు కోసి పారేసి, కోసిన చోట బొగ్గుపొడి అద్ది, మద్ది బెరడుకు కొబ్బరి పీచుతో కట్టి ఇచ్చింది. మూడు గడ్డలు మిగిలాయి. వాటిని బతికించుకున్నాను.

ఈ శ్రావణంలో మొగ్గ వచ్చింది. అత్తమ్మ నా కడుపు వంక చూసి, "చెట్టన్న మొగ్గ తొడిగింది" అంది. పెళ్లయి తొమ్మిదేళ్లు కదా, అలవాటైన మాటే. అయినా గుచ్చుకుంది.

అదే వారం నాకొక కాగితం వచ్చింది. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం లేచి బడులు బందైన ఏడాది నా చదువూ ఆగింది. బడులు మళ్లీ తెరిచారు కానీ, నాకు అప్పటికే పెళ్లి చేశారు. పొయ్యి ముందు కూర్చుని చదివి, పదో తరగతి ప్రైవేటుగా పాసయ్యాను. ఇప్పుడు హన్మకొండలో టీచరు ట్రైనింగుకు సీటు వచ్చింది. సోమవారంలోగా చేరకపోతే అది ఇంకొకరికి పోతుంది. ఆయన చదివి, మడిచి, తిరిగి ఇచ్చాడు.

"నువ్వు పోతె మొక్కనెవలు జూస్తరు? మల్లేడు జూద్దాం తియ్యి."

నాకెవరు వండుతారు అని అడిగినా కొంత నయంగా ఉండేది.

శనివారం పూసింది. తెల్లని పూలు, లోపల పసుపు. అంత కోపంలోనూ నాకు కళ్లనిండా నీళ్లు వచ్చాయి. సాయంత్రం వాళ్ల పెద్దసారు జగపతి చూడ్డానికి వచ్చాడు. నేను చాయ పట్టుకుని గడపలో నిలబడ్డాను.

"ఏం నీళ్లు వాడుతవు పురుషోత్తం?"

"బావి నీళ్లే సార్."

"వాన నీళ్లు" అన్నాను నేను.

రోజుకెన్నిసార్లు, ఏ బెరడు, ఎంత నీడ అని సారు అడుగుతూనే ఉన్నాడు. ప్రతి ప్రశ్నకూ మా ఆయన నా వైపు చూశాడు, నేను చెప్పాను. సారు పోతూ పోతూ ఆయన భుజం తట్టాడు. "నీ చెయ్యి మంచిదయ్యా. ఎట్ల పెంచినవో రాసియ్యి, అన్ని ఆఫీసులకు పంపుదాం."

సారు వీధి మలుపు తిరిగాడో లేదో, మా ఆయన "నీ అక్షరం మంచిగుంటది, నువ్వే రాయి. కింద నా పేరు పెట్టు" అన్నాడు.

ఆదివారం రాశాను. ఏదీ దాచలేదు. కుండలు, గోనెలు, బొగ్గుపొడి, లచ్చి చెప్పిన మాట, ఏ గంటకు ఏం చేయాలి, అన్నీ కలిసి నాలుగు పేజీలయ్యాయి. కింద ఆయన పేరే పెట్టాను.

సోమవారం పొద్దున ఆ కాగితాలు ఆయనకిచ్చి, నా ట్రంకు పెట్టె వాకిట్లో పెట్టాను. కాజీపేట ప్యాసింజరుకు ఇంకా గంట ఉంది.

"ఏడికి?"

"హన్మకొండ. ఇయ్యాల చేరాలె."

"మరి మొక్క?"

"ఎట్ల పెంచాల్నో అంత అండ్ల రాసిన. పెంచినోళ్ల పేరు గూడ మీదే ఉన్నది" అని, పంపు నిండా వాన నీళ్లు పోసి ఆయన చేతిలో పెట్టాను.

"ఏడు గొట్టింది. మబ్బు కొట్టుండ్రి."