తెల్ల కారు మీద గీత

కిరోసిన్ గుడ్డతో కారు ఎడమ తలుపును రుద్దుతుంటే నవత వేళ్లు మండుతున్నాయి. మిట్టమధ్యాహ్నం. రుద్దిన కొద్దీ తెల్లటి లేపనం కరిగి, దాని కిందినుంచి మూరెడు గీత బయటపడుతోంది.

గుజరాత్‌లో, కామ్‌రేజ్ హైవే పక్కనున్న ఆ యార్డులో ఆమె అద్దె కార్లు కడిగే పనికి చేరి ఏడాదైంది. నెలకు తొమ్మిది వేలు, షెడ్డు వెనక ఒక గది. మగ్గాల కార్ఖానా మూతపడి భర్త సోమలింగానికి పని పోయాక ఆ గదే వాళ్లకు దిక్కు. కారు అద్దెకిచ్చే ముందు గీతను పూడ్చేదీ ఆమే, తిరిగొచ్చాక కడిగి బయటపెట్టేదీ ఆమే. ఇంతకాలం డబ్బు కట్టి పోయినవాళ్లు ఎవరో, ఏ ఊరివాళ్లో. తలెత్తి చూడకపోతే సరిపోయేది.

ఈసారి వచ్చినవాళ్లు తెలుగువాళ్లు. జగిత్యాల దగ్గర ట్రాక్టరు నడిపే సదానందం, అతని భార్య జమున. ఇక్కడే ఒక కార్ఖానాలో పనిచేస్తూ కాలు నలగ్గొట్టుకున్న సదానందం అన్నను ఆస్పత్రి నుంచి డిండోలిలోని అతని గదికి చేర్చడానికి రెండు రోజులకు కారు తీసుకున్నారు. మూడింటికి వాళ్ల రైలు. హామీగా ఇచ్చిన సదానందం లైసెన్సు యార్డు యజమాని సేఠ్ సొరుగులో ఉంది.

గీత మీరే పెట్టారు, పధ్నాలుగు వేలు కడితేనే లైసెన్సు ఇస్తానన్నాడు సేఠ్. సదానందం వచ్చీరాని హిందీలో ఎంత బతిమాలినా వినలేదు. నవతను పిలిచాడు.

"నీ భాషవాళ్లేగా. పోలీసులొస్తే ఇంకా ఎక్కువవుతుందని చెప్పు," అన్నాడు హిందీలో, మెత్తగా.

ఆ మెత్తదనం ఆమెకు తెలుసు. జీతం బాకీ అడిగిన ఒక పనివాడితో కిందటి నెల అలాగే మాట్లాడాడు. మర్నాడే వాడి మీద దొంగతనం కేసు పడింది.

"ఏ ఊరు చెల్లె మీది?" జమున అడిగింది.

"సిరిసిల్ల, అక్కా."

"జర నువ్వన్న జెప్పు. మా బావ మందులకని తెచ్చిన పైసలే ఉన్నయి మా తాన."

నవత తలుపు మీది గీతను వేలితో చూపింది.

"గీత మీరు జేసింది కాదక్కా," అంది. "పాతది. లోపట తుప్పున్నది సూడుండ్రి. నేనే తెల్లగ పూసి కప్పిన. ఎవలికిచ్చినా గిట్లనే జేస్తరు. ఒక్క పైస గూడ ఇయ్యకుండ్రి."

సదానందం వంగి గీతను గోటితో గీకాడు. ఎర్రటి తుప్పు రాలింది.

"ఏం చెప్పావు?" అన్నాడు సేఠ్.

అతనికి తెలుగు రాదు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. గది గుమ్మంలో నిలబడ్డ సోమలింగం వద్దు వద్దని తల ఊపుతున్నాడు.

"గీత పాతదని చెప్పాను సేఠ్," అంది నవత హిందీలో. "ఇకమీదట నేను పూయను."

సేఠ్ అరవలేదు. సొరుగుకు తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నాడు. ఫోనులో ఎవరితోనో గుజరాతీలో రెండు ముక్కలు మాట్లాడి, వాచ్‌మన్ వైపు చూశాడు. వాచ్‌మన్ కుర్చీలోంచి లేచి ఇనుప గేటును లాగి మూయసాగాడు.

నవత చేతిలోని గుడ్డ కింద పడేసి, వెళ్లి జమున పక్కన నిలబడింది.