తల్లికి పెట్టని మాత్రలు

మా ఊరు ఖైరవాన్‌లో తివాచీలు నేసే ఆడవాళ్లకు ముందుగా పాడయ్యేవి మోకాళ్లే. సల్హా, ఆమె అక్క సస్సియా ఒకే మగ్గం ముందు ముప్పై ఏళ్లు పక్కపక్కన కూర్చుని ముడులు వేశారు. యాభై దాటేసరికి సస్సియాకు మేడమెట్లు ఎక్కడం గగనమైపోయింది.

మూలికల దుకాణం నడిపే లస్అద్ ఆమెకొక గొట్టం మాత్రల డబ్బా ఇచ్చాడు. అందులో ఉన్నది పసుపు, కొల్లాజెన్, నాలుగు మూలికలేననీ, మందు కాదు ఆహారమేననీ చెప్పాడు. మూడో రోజుకల్లా సస్సియా మేడమీద బట్టలు ఆరేస్తూ కనిపించింది. ఆమెను చూసి వీధి వీధంతా ఆ డబ్బాలు కొన్నది. నేనూ కొన్నాను.

ఏడాదిన్నర తిరిగేసరికి సస్సియా మొహం గుండ్రంగా ఉబ్బిపోయింది. తర్వాత తుంటిలో నొప్పి మొదలైంది. ఒకరోజు పీట మీంచి లేవబోయి లేవలేకపోయింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆ మాత్రల్ని పరీక్షకు పంపింది. వాటిలో స్టెరాయిడ్ కలిపారని తేలింది. దానివల్లే తుంటి ఎముక లోపల్లోపలే చచ్చుబడిపోయిందట.

"కీళ్లకు కొంత మేలు చేసే పోషకాలు లేకపోలేదమ్మా," అంది డాక్టరమ్మ సల్హాతో. "అవి పనిచేసినా నెలలు పడుతుంది, అదీ కొద్దిగా, అందరికీ కాదు. రెండు రోజుల్లో మెట్లెక్కించేది ఆహారం కాదు."

సల్హా ఆ కాగితం పట్టుకుని దుకాణానికి వెళ్లింది. లస్అద్ దాన్ని చదవనుకూడా లేదు.

"మీ అక్క ముసల్దైపోతే నా మీద పడతావేంటి సల్హా? ఇంకో డబ్బా ఇమ్మంటావా?" అన్నాడు. కొనడానికొచ్చినవాళ్లు నవ్వారు. ఆమె ఇచ్చిన ఫిర్యాదు ఆరోగ్యశాఖ ఆఫీసులో ఎక్కడో అడుగున పడిపోయింది.

సల్హా మళ్లీ నోరెత్తలేదు. అక్కకు మిగిలిన డబ్బాలోని మాత్రలు ఒక్కొక్కటే విప్పి, పొడి పారబోసి, వేయించిన శనగపిండి నింపింది. ఆగస్టు కోసం చూసింది.

ఆగస్టులో మేమంతా ఒకరి తర్వాత ఒకరింట్లో చేరి, గోధుమపిండిని రవ్వలా నలిచి ఆరబెట్టి, ఏడాదికి సరిపడా కుస్‌కుస్ చేసుకుంటాం. ఒకరోజు లస్అద్ వాళ్లమ్మ దుజా వంతు వచ్చింది. ఆవిడ మోకాళ్లు సస్సియా మోకాళ్లకన్నా అధ్వాన్నం. పన్నెండుమందిమి వాకిట్లో కాళ్లు చాపుకుని పిండి నలుస్తున్నాం. మధ్యాహ్నం లస్అద్ భోజనానికి రావడం చూసి సల్హా చెయ్యి కడుక్కుని సంచిలోంచి డబ్బా తీసింది.

"దుజా పిన్నీ, ఇంత బాధపడుతున్నావు. నీ కొడుకు మాత్రలే, రెండు వేసుకో."

"వాడు నాకెప్పుడూ ఇవ్వలేదే. నా ఒంటికి పడవంటాడు," అంది ముసలావిడ. అయినా రెండు అరచేతిలో వేసుకుని నీళ్లు అందుకుంది.

లస్అద్ పళ్లెం వదిలేసి పరుగున వచ్చి తల్లి చేతిమీద కొట్టాడు. మాత్రలు పిండిలో పడ్డాయి.

"అవి నువ్వు తినకూడదమ్మా."

"ఏం, ఎందుకు తినకూడదు?" అంది సల్హా నెమ్మదిగా. "ఆహారమేగా. మా అక్క తిన్నదిగా. వీళ్లంతా తింటున్నారుగా. చెప్పు లస్అద్, వీళ్లకు చెప్పు."

అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. మా పన్నెండుమంది చేతులూ పిండిలో ఆగిపోయాయి. దుజా కొడుకు వైపు తిరిగింది.

"వీళ్లు తల్లులు కారట్రా?" అంది.

కుస్‌కుస్ సగంలో వదిలేసి మేం లేచాం. మర్నాడు డబ్బాలు చేతబట్టుకుని నలభైమందిమి ఆ ఆఫీసు మెట్లమీద కూర్చున్నాం. డాక్టరమ్మ హఠాత్తుగా మానితే ప్రమాదమని హెచ్చరించి, ఒక్కొక్కరికీ మోతాదు తగ్గిస్తూ మాన్పించింది. వారంలో దుకాణానికి సీలు పడింది, లస్అద్ జైలుకెళ్లాడు. దుజా కూతురింటికి వెళ్లిపోయింది. వాడి తిండి ముట్టనని చెప్పిందట.

మంచం మీదున్న సస్సియాకు చెల్లెలు ఇదంతా చెప్పింది. శనగపిండి సంగతి కూడా చెప్పింది.

"నేనైతే పొడి మార్చేదాన్ని కాదు," అంది సస్సియా.

తర్వాత తనను గోడకు ఆనించి కూర్చోబెట్టమంది.

"వాడి మొహం ఎలా పాలిపోయిందో ఇంకోసారి చెప్పు. తొందరపడకుండా చెప్పు."