వినని రుజువు

ఆర్లో విట్లాక్‌కి తరచూ ఒకటే కల వచ్చేది. పొడుగాటి నడవా, చివర ఒక కిటికీ, కిటికీ అవతల పెకాన్ చెట్టు. పక్కన మూసిన తలుపు. తలుపు వెనక బోర్డు మీద సుద్దముక్క నడుస్తున్న చప్పుడు. కాసేపు గబగబా నడుస్తుంది, ఆగుతుంది, మళ్లీ నడుస్తుంది. ఆర్లో తలుపు పిడి మీద చెయ్యి వెయ్యడు. వెయ్యకూడదని కలలో కూడా అతనికి తెలుసు. మెలకువ వచ్చేసరికి పక్కన ఓపల్ పడుకుని ఉండేది. ఆ సుద్దముక్క పట్టుకున్నది ఆమే.

అది నిజంగా జరిగిందే. టెక్సస్‌లో, వాళ్లిద్దరూ చదువుకునే రోజుల్లో.

ఆర్లో పత్తి చేల మధ్య పుట్టినవాడు. వాళ్ల ఇంట్లో పైచదువుకి గడప దాటింది అతనొక్కడే. ప్రొఫెసర్ డ్రిస్కల్ క్లాసులో చేరిన మొదటి రోజే ఆయన అందరి పుస్తకాలూ మూయించాడు.

"ఒకడు నడిచిన దారిలో మీరు నడిస్తే మీ కాళ్లకి వచ్చే బలమేమీ లేదు. సిద్ధాంతం నేను చెబుతాను. రుజువు మీరు తేవాలి. తెచ్చినవాళ్లు బోర్డు దగ్గరికి రండి. మిగతావాళ్లు తప్పులు పట్టండి" అన్నాడు.

ఆ క్లాసులో ఒక ఆచారం ఉండేది. ఎవరైనా రుజువు చెప్పడానికి లేచినప్పుడు, ఆ సిద్ధాంతం తనకే దొరికేలా ఉందనుకున్నవాడు చెయ్యెత్తి బయటికి వెళ్లిపోవచ్చు. పక్కవాడి రుజువు చెవిన పడితే ఇక అది తన సొంతం కాదు గదా. అలా లేచి వెళ్లేవాణ్ణి చూసి ఎవరూ నవ్వేవాళ్లు కాదు. పైగా అదొక గౌరవం. డ్రిస్కల్ తలుపు దాకా చూపుతో సాగనంపేవాడు.

ఇరవై తొమ్మిదో సిద్ధాంతం ఆర్లోకి వినగానే నచ్చేసింది. అది కంచెల గురించి. డ్రిస్కల్ సొంతంగా కట్టుకున్న ఒక వింత మైదానం ఉండేది. అందులో దూరాలు కొలవడానికి వీల్లేదు, ఎక్కడ ఏది దేన్ని తాకుతోందన్నదే లెక్క. ఆ మైదానంలో రెండు కంచెలు. విడివిడిగా చూస్తే ఏదీ దేన్నీ చుట్టుముట్టదు. కానీ ఆ రెండూ రెండు వేర్వేరు చోట్ల ఒకదాన్నొకటి తాకాయంటే, వాటి మధ్య ఏదో ఒకటి తప్పకుండా చిక్కుకుపోతుంది. ఎందుకని?

మామూలు నేల మీదైతే ఆర్లోకి చిన్నప్పుడే తెలుసు. నాన్న వేసిన ముళ్లతీగల మధ్య దూడ ఇరుక్కుంటే వెళ్లి విడిపించింది తనే. ఇలాంటివి కొన్ని పుస్తకాల్లోనూ ఉన్నాయి. కానీ డ్రిస్కల్ మైదానంలో కొలబద్ద ఉండదు, ఆ రుజువులేవీ అక్కడ నిలబడవు.

వసంతకాలంలో ఒక మధ్యాహ్నం ఓపల్ రెన్‌ఫ్రో చెయ్యెత్తింది. రైల్వే స్టేషన్ మాస్టరు కూతురు. తక్కువ మాట్లాడేది. "ఇరవై తొమ్మిది నాకు వచ్చింది, సార్" అంది.

ఆర్లోకి ఇంకో రోజు చాలు, మహా అయితే రెండు. చెయ్యెత్తి లేచి, నడవాలోకి వచ్చి తలుపు దగ్గరికి లాగాడు.

గంట తరవాత లోపలివాళ్లు బయటికి వచ్చారు. వానలో తడిసి వచ్చినవాళ్లలా ఉన్నాయి మొహాలు. చివర్న డ్రిస్కల్ కళ్లజోడు తుడుచుకుంటూ వచ్చి, "ఇవాళ గదిలో గాలి బాగుంది, మిస్టర్ విట్లాక్" అని వెళ్లిపోయాడు. ఆయన అంత మెచ్చుకోలు ఎప్పుడూ ఎవరికీ ఇవ్వలేదు. ఆ గాలి ఓపల్‌దని ఆర్లోకి అర్థమైంది.

ఓపల్ మోచేతి దాకా సుద్దపొడి. "ఎందుకు వెళ్లిపోయావు?" అని అడిగింది.

"రేపటికల్లా నాకే వచ్చేస్తుంది."

"వచ్చాక చెప్పు. నీదీ నాదీ పక్కపక్కన పెట్టి చూద్దాం."

మరుసటి ఏడాది వాళ్లకి పెళ్లయింది. రుజువు మాత్రం రాలేదు.

మిగతా జీవితమంతా బాగానే గడిచింది. పడమటి టెక్సస్‌లో, దుమ్ము గాలుల ఊళ్లో, ఒక కాలేజీ అతనికి ఉద్యోగం ఇచ్చింది. ఆర్లో డ్రిస్కల్ పద్ధతిలోనే పాఠం చెప్పాడు. వేరే సిద్ధాంతాలు చాలా పట్టాడు. అవి మంచివేనని ఆ విద్య తెలిసిన కొద్దిమందీ ఒప్పుకున్నారు. ఏ సిద్ధాంతానికీ అతని పేరు పెట్టలేదు గానీ, దూరపు ఊళ్ల నుంచి పిల్లలు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. మొగుడూ పెళ్లాం ఒకే కాలేజీలో పని చెయ్యకూడదని రూలు ఉండేది. కాబట్టి ఓపల్ ఊళ్లో బడిపిల్లలకి భిన్నాలు చెప్పింది. ఆమె బోర్డు మీద అర పావు ముప్పావు తప్ప మరొకటి కనబడలేదు.

పెళ్లైన కొత్తలోనే ఆర్లో మాట తీసుకున్నాడు. "ఒక్క ముక్క కూడా చెప్పకు. సూచనగా కూడా వద్దు."

"నేనెందుకు చెబుతాను? నాది నా దగ్గరుంది" అంది ఓపల్.

అప్పుడప్పుడు భోజనాల దగ్గర అతని చూపు గోడలోకి వెళ్లిపోయేది. "ఈసారి దగ్గరికొచ్చాను, ఓపల్."

"బీన్సు కూడా దగ్గరికొచ్చి చల్లారిపోతున్నాయి. తిను."

ఏటా క్లాసులో ఇరవై తొమ్మిదో సిద్ధాంతం ఇచ్చేవాడు. ఏటా అది ఎవరికీ లొంగేది కాదు. "నీకే రానిదాన్ని పసివాళ్ల మీదికి ఎందుకు తోలతావు?" అని ఓపల్ ఒకసారి నిలదీసింది. "ఎవరికైనా వచ్చిందనుకో, వింటావా?" ఆర్లో ఉప్పు అందుకున్నాడు.

అలా జుట్టు నెరిసింది. డ్రిస్కల్ పోయాడు. ఆ మధ్యాహ్నం గదిలో ఉన్నవాళ్లు ఒకరి తరవాత ఒకరు పోయారు. ఉద్యోగం ఆఖరి వసంతం వచ్చింది.

మంగళవారం క్లాసు అయిపోయాక వెర్నా టాకెట్ అనే అమ్మాయి బల్ల దగ్గరికి వచ్చింది. తండ్రికి పత్తి జిన్నింగ్ మిల్లులో పని. నోట్లో ఎప్పుడూ చూయింగ్ గమ్ ఆడుతూ ఉండేది. ఆ రోజు ఆడడం లేదు.

"సార్, ఇరవై తొమ్మిది వచ్చింది. గురువారం బోర్డు ఇస్తారా?"

"వచ్చిందా, వచ్చినట్టుందా?"

"మూడు వారాలు దాన్ని విరగ్గొట్టాలని చూశాను సార్. విరగలేదు."

ఆ మొహం చూస్తే చాలు, నిజంగానే వచ్చింది. ఆర్లో తల ఊపాడు. ఇంటికి నడుస్తుంటే కాళ్లు నేల మీద ఉన్నాయో లేదో తెలియలేదు. దుమ్ము లేచి ఊరంతా పల్చగా, గోధుమరంగు గాజు వెనక ఉన్నట్టు ఉంది. దూరాలు లేని మైదానం ఇలాగే ఉంటుందేమో. అందులో నాన్న కంచెలు రెండు వంకర్లు తిరుగుతూ వచ్చి ఒకచోట తాకాయి. రెండోచోటికి వస్తున్నాయి.

పాఠం చెప్పేవాడు గదిలోంచి లేచి వెళ్లడం కుదరదు. గురువారం ఆ రుజువు చెవిన పడి తీరుతుంది. పడ్డాక ఓపల్ రుజువు ఎప్పుడు విన్నా రెండోసారి విన్నట్టే. అంతకుముందు మిగిలింది రెండు సాయంత్రాలు.

ఓపల్ వరండాలో కూర్చుని పచ్చి బీన్సు తుంచుతోంది. ఆర్లో టోపీ తియ్యకుండానే, "నీ రుజువు చెప్పు" అన్నాడు.

ఓపల్‌కి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. "ఇన్నేళ్లూ గుమ్మంలో నిలబడి, ఇప్పుడా పెద్దమనిషీ తలుపు కొట్టేది? ఏం, ఇల్లు అంటుకుందా?"

వెర్నా సంగతి చెప్పాడు. ఓపల్ నవ్వు ఆగింది.

"అంటే ఎవరో పిల్ల చెప్పేస్తుందని భయమేసి నా దగ్గరికొచ్చావు."

"నీది ముందు వినాలని వచ్చాను."

ఆమె ఒక నిమిషం అతణ్ణి చూసింది. తరవాత పళ్లెంలో బీన్సు ఒక పక్కకి తోసి, పొడుగాటివి రెండు తీసి కంచెల్లా వంచి పెట్టింది. "టోపీ తీసి కూర్చో. ఇది ఒక కంచె, ఇది రెండోది. ఏదీ చిక్కుకోలేదని అనుకుందాం. అప్పుడు..."

గొంతు మారిపోయింది. ఆర్లో ఎప్పుడూ వినని గొంతు అది. తొందర లేదు. ఒక్క మాట ఎక్కువ లేదు. ఓపల్ ఒక మెట్టు కట్టింది, రెండో మెట్టు కట్టింది. మూడో బీన్సు చేతిలోకి తీసుకుంది. చెయ్యి పళ్లెం మీద అలాగే ఆగిపోయింది.

"ఇక్కడ ఏదో చేశాను" అంది.

గాలి వరండా ఊయలని కాస్త కదిపింది.

"ఇక్కడే ఆర్లో. ఇక్కడ నేనేదో అనగానే అందరూ ఒక్కసారి కదిలారు. డ్రిస్కల్ కళ్లజోడు తీసేశాడు. అది గుర్తుంది. బోర్డు మీద ఎండ ఎంత మేర పడిందో గుర్తుంది. ఏమన్నానో గుర్తు లేదు."

"బహుశా తాకే చోట్లని..."

"నోరు విప్పావంటే ఈ పళ్లెం నీ నెత్తిన బోర్లిస్తాను."

ఓపల్ బీన్సు వైపే చూస్తూ, మెల్లగా అంది. "అది నాతోనే ఉందనుకున్నాను. అడిగిన రోజు తీసి ఇద్దామని దాచుకున్నాను. తీరా తెరిస్తే..."

బుధవారమంతా ఆమె ఆ మూడో మెట్టు దగ్గరే ఉండిపోయింది. మొక్కజొన్న రొట్టె మాడింది. మాడిన అంచులు ఆర్లో గీకి తిన్నాడు. తింటూ ఉంటే ఒక్కొక్కటే తట్టింది. ఇన్నేళ్లూ తను పోగొట్టుకున్నది ఒక రుజువనే అనుకున్నాడు. ఆ గదిలో ఉన్నవాళ్లంతా ఓపల్‌ని చూశారు, మెరుపులా ఉన్న ఓపల్‌ని. ఆ తరవాత వాళ్లెవరికీ ఆమెతో పనిలేదు. ఆమెతో బతికినవాడు మాత్రం ఆ ఒక్క గంట నడవాలో నిలబడి పెకాన్ చెట్టు చూశాడు.

గురువారం ఓపల్ బడికి సెలవు పెట్టి, టోపీ పెట్టుకుని తయారైంది. "నేనూ వస్తాను. దాన్ని ఆ పిల్ల అయినా చెప్పనీ. పోయిన వస్తువు ఎవరి చేతిలో కనబడితే ఏం?"

క్లాసులో వెనక కుర్చీలో కూర్చుంది. వెర్నా లేచి గౌను మీద చేతులు తుడుచుకుని, బోర్డు మీద రెండు కంచెలు గీసింది. "ఏదీ చిక్కుకోలేదని అనుకుందాం" అని మొదలుపెట్టింది. ఒక మెట్టు. రెండో మెట్టు. హాస్క్యూ అనే పొడుగాటి కుర్రాడు ఒక ప్రశ్న వేశాడు, వెర్నా దాన్ని ఈగలా తోలేసింది. ఆర్లో బతుకంతా వెతికిన మాట ఆ పిల్ల నాలుక చివర ఉంది.

"ఇప్పుడు చూడండి," అంది వెర్నా, "ఈ రెండు తాకే చోట్లలో..."

"ఒక్క నిమిషం, అమ్మాయ్."

అందరూ వెనక్కి తిరిగారు. ఓపల్ చెయ్యెత్తి ఉంది. లేస్తూ, "ఏమీ అనుకోకు. నేను దగ్గర్లో ఉన్నాను" అంది.

హాస్క్యూ నోరు తెరిచాడు. వెర్నా మొహం మాత్రం విచ్చుకుంది. "వెళ్లండి, మిసెస్ విట్లాక్. మీరు తలుపు వేసేదాకా నేను నోరు తెరవను" అంది.

ఓపల్ చేతిసంచీ పట్టుకుని, తల నిటారుగా పెట్టుకుని నడవాలోకి వెళ్లింది. తలుపు ఇంకా మూసుకోలేదు. గదిలో అందరూ ఆర్లో వైపు చూశారు. అతను కూర్చుంటే చాలు, కొద్ది నిమిషాల్లో అంతా తెలిసిపోతుంది. రుజువు తన సొంతం కాదు, నిజమే. కానీ పోయేలోపు తెలుస్తుంది.

"మిస్టర్ హాస్క్యూ," అన్నాడు ఆర్లో లేస్తూ. "నా కుర్చీలో కూర్చోండి. మిస్ టాకెట్‌ని తేలిగ్గా వదలకండి. ఎక్కడ చిల్లున్నా మీరే పట్టాలి."

"సార్, మీరు?"

"నాకు బయట పనుంది."

తలుపు దగ్గరికి లాగాడు. పొడుగాటి నడవా. చివర కిటికీ. ఈ కాలేజీలో పెకాన్ చెట్టు లేదు, దుమ్ము పట్టిన ఎల్మ్ చెట్టు ఉంది, అంతే తేడా. తలుపు వెనక సుద్దముక్క మళ్లీ నడక మొదలుపెట్టింది. కలలో నడవాలో ఎప్పుడూ తనొక్కడే ఉండేవాడు. ఇప్పుడు కిటికీ కింద బెంచీ మీద ఓపల్ ఉంది, టోపీ తీసి పక్కన పెట్టుకుని.

"నువ్వెందుకొచ్చావు?" అంది కోపంగా. "నీకు వినాలని కదా?"

"వినడానికే వచ్చాను."

ఓపల్ అతని కోటు జేబులో చెయ్యి పెట్టి సుద్దముక్క తీసుకుంది. అది అక్కడ ఉంటుందని ఆమెకి తెలుసు, ఇన్నేళ్లూ ఆ జేబులు ఉతికింది తనే. బెంచీ చెక్క మీద ఒక కంచె గీసింది. రెండో కంచె గీసింది. ఆగింది. అరచేత్తో కొంత చెరిపింది. లోపల వెర్నా గొంతు గొణుగుడులా వస్తోంది, మాటలు విడిగా తెలియడం లేదు. గాలికి కిటికీ అద్దం సన్నగా అదురుతోంది. ఆర్లో దేనికీ తొందరపడలేదు. సుద్దముక్క చప్పుడు ఇప్పుడు తలుపుకి రెండు వైపులా ఉంది.

ఓపల్ చెయ్యి ఒక్కసారి బొమ్మ మీద నిలిచిపోయింది. వంగి చూసింది. మోచేయి దాకా తెల్లగా అయింది.

"ఆఁ" అంది.

తల ఎత్తి అతని మొహంలోకి చూసింది. డ్రిస్కల్ కళ్లజోడు ఎందుకు తీశాడో ఆర్లోకి అప్పుడు తెలిసింది.

"చెబుతున్నాను. లేచి వెళ్తావా?"

ఆర్లో బెంచీ మీద కాస్త పక్కకి జరిగి, బొమ్మకి చోటిచ్చాడు.